రసూల్ బీ గారి చేపల తొట్టె

రసూల్ బీ గారి కంటిజబ్బు మొదట బయటపడింది చేపల తొట్టెలో.

స్టీలు ప్లాంటుకి శంకుస్థాపన రాయి పడి చాలాకాలమైనా ఫ్యాక్టరీ మాత్రం ఎక్కడా కనపడని రోజులవి. మాది గోదావరి జిల్లా. నాకు విశాఖపట్నం పోర్టులో క్రేన్ ఆపరేటరుగా ఉద్యోగం వచ్చింది. తోటివాళ్ళంతా మల్కాపురంలోనో గాజువాకలోనో ఇళ్ళు చూసుకుంటుంటే, నేను పాత ఊళ్ళో అబ్దుల్ రజాక్ గారి వెనక వాటాలో దిగాను. డ్యూటీకి నడిచి వెళ్ళొచ్చు కదా అని నా లెక్క. కిటికీ గట్టు మీద వేలితో గీస్తే పోర్టు ఇనప ఖనిజం ఎర్రటి ధూళిలో గీత పడే ఇల్లు చూపించి, "దీనికోసమా నన్ను గోదారి ఒడ్డునుంచి లాక్కొచ్చారు?" అని మా ఆవిడ వెంకటరమణమ్మ వచ్చినరోజే అడిగింది. 

రజాక్ గారు అద్దాలు కోసి పటాలు కట్టే మనిషి. వీధి గదే ఆయన కొట్టు. ఆ చుట్టుపక్కల సగం ఇళ్ళలో దేవుళ్ళు ఆయన చేతిమీదుగానే గోడలెక్కారు. పనిలో మిగిలిన మందపాటి అద్దాలు దాచి, ఇనప యాంగిల్ ఫ్రేము కట్టించి, అంచులకి లప్పం పెట్టి, భార్య రసూల్ బీ గారికి ఒక చేపల తొట్టె చేసిచ్చారు. కొట్టు వెనకున్న ముందుగదిలో చీకటిమూల దాని చోటు. అడుగున ఇసక, ఇసకలో నీటిమొక్కలు, మొక్కల మధ్య రంగురంగుల తోకలాడించుకుంటూ గప్పీలనే చిన్నచేపలు, వాటన్నిటికీ పెద్దదిక్కుగా ఒక నల్ల మోలీ. ఆ నల్లచేపకి ఆవిడ బేగం అని పేరు పెట్టుకుంది. పొద్దున్నే టీ తాగుతూ బేగంతో కష్టసుఖాలు మాట్లాడుకునేది. మొగుడితో మాట్లాడే మాటలకంటే అవే ఎక్కువ.

మేం దిగేనాటికి ఆ ఇంట్లో రోజూ ఒకటే గొడవ. "నీళ్ళు మురిగ్గా ఉన్నాయి, మార్సు" అని ఆవిడ. మార్చేవారు ఈయన. మార్చిన మర్నాడు మళ్ళీ అదే మాట. ఒకరోజు ఆయన పంతం పట్టి ఇసకతో సహా అంతా కడిగి, కొత్తనీళ్ళు నింపి, అద్దం తుడిచి చూపించారు. ఆవిడ ముఖం దగ్గరగా పెట్టి చూసి, "ఇంకా మసగ్గానే ఉందేటి?" అంది. ఆయనకి అప్పుడర్థమైంది. నీళ్ళు తేటగా ఉన్నాయి, మసక ఆవిడ కళ్ళలో ఉంది.

అప్పుడు చెప్పాల్సిన మాట చెప్పకుండా, ఆ పెద్దమనిషి, "ఔను, నీళ్ళే మురికి. రేపు మారుత్తాన్లే" అన్నారు. నిజం చెప్పడానికి నోరు రాలేదని తరవాత నాతో చెప్పుకున్నారు. నోరు రానివాళ్ళని చూస్తే నాకు ఒళ్ళుమంట. ఆ రేపూ మాపూ అంటూ చాలా నెలలు లాగేశారు. చివరికి కుడి కన్ను ఎర్రబడి, నొప్పితో ఆవిడ గోడకి తల కొట్టుకుంటే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అప్పటికే శుక్లం ముదిరి, లోపల ఒత్తిడి పెరిగి, చూపు పోయింది. ఎడమ కంటిక్కూడా శుక్లం ఉందనీ, దానికి ఆపరేషన్ చేసి కళ్ళజోడిస్తే కనపడుతుందనీ డాక్టరు చెప్పాడు.

ఆవిడ ఒప్పుకోలేదు. మొగుడి మీద కేకలెయ్యనైనా లేదు. "ఇన్నాళ్ళూ నీళ్ళే మురికని నువ్వంటే నమ్మీసాను. ఇక నీ మాట మీద నాకు నమ్మకం నేదు" అని మెల్లిగా చెప్పి, గోడవైపు తిరిగి పడుకుంది. రజాక్ గారు ఆరోజు కొట్టు తెరవలేదు.

ఒప్పించింది మా ఆవిడ. రోజూ మధ్యాహ్నం వెళ్ళి కూర్చుని, బతిమాలి, దెబ్బలాడి, అలిగి, మళ్ళీ వెళ్ళి, మొత్తానికి ఔననిపించింది. ఐతే రసూల్ బీ గారు ఒక షరతు పెట్టింది.

"కళ్ళజోడు పెట్టుకున్నాక నాను మొదట సూసేది నా తొట్టె. నీళ్ళు తేటగా అవుపడితే కన్ను వచ్చినట్టు. మురిగ్గా అవుపడితే ఇదీ పోయినట్టే. అప్పుడిక ఎవులూ నాకేటీ సెప్పొద్దు. ఆ జోడు సముద్రంలో పారేసి, నా మానాన నన్నొదిలీండి."

"అలాగేనండి పిన్నిగారూ. తొట్టె సంగతి నాకొదిలేయండి" అంది మా ఆవిడ. చేపలంటే పులుసు తప్ప ఇంకేమీ తెలియని మనిషి.

ఆపరేషన్ బాగా జరిగింది. కంటికి కట్టు కట్టి, తల కదలకుండా రెండుపక్కలా ఇసక సంచులు పెట్టి పడుకోబెట్టారు. రజాక్ గారు ఆస్పత్రిలోనే ఉండిపోయారు. ఇల్లూ తొట్టే మా ఆవిడ పాలనలోకొచ్చాయి.

ఆ పాలనలో మొదట జరిగింది తొట్టె స్థానచలనం. "చీకటిమూల ఉంటే ఆవిడకేం కనపడుతుందండీ? వెలుగులో పెట్టాలి" అని సగం నీళ్ళు తోడించి, నన్నూ పక్కింటివాళ్ళనీ పిలిచి, తూర్పు కిటికీ కిందకి జరిపించింది. పొద్దున్నే ఎండ తొట్టెమీద పడి నీళ్ళు బంగారంలా మెరుస్తుంటే నేను కూడా సెభాష్ అన్నాను.

రెండోది మేత. రసూల్ బీ గారు పొద్దున ఒక చిటికెడు వేసేది, అంతే. మా ఆవిడ గోదావరి జిల్లా మనిషి. ఇంటికొచ్చినవాడు విస్తరి ముందునుంచి సొంతంగా లేవగలిగితే ఆ రోజు మర్యాద సరిగ్గా జరగనట్టు లెక్క మా ఊళ్ళో. ఆవిడ ఆ తొట్టె పక్కనించి వెళ్ళిన ప్రతిసారీ చేపలన్నీ అద్దం దగ్గరికొచ్చి నోళ్ళు తెరిచేవి. ఇంకేముంది, టిఫినప్పుడు అటుకుల పొడి, అన్నమప్పుడు నాలుగు మెతుకులు, సాయంత్రం సెనగపిండి ఉండ. "పాపం, అమ్మ ఆస్పత్రిలో ఉంది కదండీ, బెంగ పెట్టుకుంటాయి" అనేది. ఆస్పత్రినుంచి బట్టలకోసం వచ్చిన రజాక్ గారు చూసి, "గోదారోల్ల మర్యాద సేపలకి కూడానేటి తల్లీ" అని నవ్వారు.

రసూల్ బీ గారు ఆస్పత్రినుంచి వచ్చేలోపే నీళ్ళకి పచ్చరంగు తగిలింది. మొదట తమలపాకు ఈనెల్లో ఉండే పచ్చదనం. తరవాత గోంగూర ఉడికించిన నీళ్ళు. అద్దం లోపలివైపు జిగట పాచి, మొక్కల ఆకుల మీద వెంట్రుకల్లాంటి పాచి. చేపలు కనపడటం మానేశాయి. ఎప్పుడైనా ఒకటి అద్దానికి ఆనుకునేంత దగ్గరగా వస్తే, ఓహో ఇంకా ఉన్నాయి అనుకోవడమే.

ఆవిణ్ణి ఇంటికి తెచ్చారు. కంటికి పచ్చ గుడ్డ అడ్డం కట్టి లోపలి గదిలో పడుకోబెట్టారు. పుండు మాని, జోడు నంబరు తేలడానికి నెలన్నర పడుతుందన్నారు. ముందుగదిలో తొట్టెని చూసిన రజాక్ గారి ముఖంలో రక్తం లేదు.

"ఈర్రాజూ, ఇదేటయ్యా? ఇది గానీ తను సూసిందంటే..." అని నా చెయ్యి పట్టుకున్నారు.

"నీళ్ళే మురికని చెబుదాం బాబాయి గారూ" అన్నాను నేను, తెలివిగా.

ఆయన నావైపు చూసిన చూపు చూసి నోరు మూసుకున్నాను. ఆయన నోట ఆ ఒక్క మాటకే ఆ ఇంట్లో విలువ లేదు. నిజమే చెప్పినా అబద్ధంగా వినపడే మాట అది.

"ఏం కంగారు పడకండి" అంది మా ఆవిడ. "మాకు గోదారి కొత్తనీరొచ్చినప్పుడు బిందెలో ఎర్రమట్టి నీళ్ళే పడతాయి. పటిక ముక్క నాలుగుసార్లు తిప్పితే తెల్లారేసరికి కొబ్బరినీళ్ళలా తేరుకుంటాయి. మా అమ్మ చేసేది, వాళ్ళమ్మ చేసేది. ఇదెంతండీ?"

బిందెకి నాలుగు తిప్పులైతే ఇంత తొట్టెకి ఎన్ని కావాలో తన లెక్కేదో తను వేసుకుంది. పిడికెడంత పటిక చేత్తో పట్టుకుని, జాకెట్టు చెయ్యి పైకి మడిచి, ఆ పచ్చనీళ్ళలో తిప్పింది, తిప్పింది. తెల్లారి చూద్దుం కదా, నిజంగానే కొబ్బరినీళ్ళు! పచ్చదనమంతా ముద్దముద్దలుగా అడుక్కి దిగిపోయింది. వెనకగోడ సున్నం పెచ్చులు కూడా కనపడుతున్నాయి. రజాక్ గారు రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెట్టారు. మా ఆవిడ నావైపు చూసి, "ఆయ్, గోదారంటే ఏవనుకున్నారు?" అంది. నేను డ్యూటీకి వెళ్తూ దారి పొడుగునా ఈల వేశాను.

సాయంత్రం వచ్చేసరికి మా ఆవిడ తొట్టె ముందు కింద కూర్చుని ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి. మధ్యాహ్నానికల్లా చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగడం మొదలెట్టాయట. ముందు ఆకలేమో అనుకుందట. తరవాత ఒక్కొక్కటీ పక్కకి వాలిపోతుంటే, రసూల్ బీ గారికి వినపడకుండా నోట్లో కొంగు కుక్కుకుని, పెరటి గోలెంలో నిలవున్న నీళ్ళు తెచ్చి, తొట్టెలో నీళ్ళు కొన్ని తోడి ఇవి పోసిందట. గప్పీలు సగం తేరుకున్నాయి. బేగం తేరుకోలేదు.

మట్టికి పటిక సరిపోతుంది గానీ, అంత పటిక పడితే నీళ్ళ గుణమే విరిగిపోతుందని మాకెవరికీ తెలియదు. మా బిందెలో చేపలుండేవి కావు కదా.

రజాక్ గారు బేగంని పెరట్లో జామచెట్టు కింద పూడ్చి వచ్చి, "ఇంకో నల్లసేప తెచ్చీద్దునా? తనకేటి తెలుస్తాది?" అన్నారు.

"వద్దు బాబాయి గారూ" అంది మా ఆవిడ.

"పోనీ, జోడు వచ్చే ముందురోజు నీళ్ళన్నీ పారబోసి కొత్తయి పోసీద్దుము."

"ఆరోజు తేటగా ఉంటాయి. నాలుగోనాటికి మళ్ళీ పచ్చబడతాయి. ఆవిడ ఒక్కరోజేనా చూసేది? మొదటిరోజు తేటగా కనపడి, తరవాత మసకేస్తే, వచ్చిన కన్ను మళ్ళీ పోతోందనుకుని చచ్చిపోదూ? కంటి గురించి ఒక్క అబద్ధం చెప్పారు. ఒక కన్ను పోయింది. ఇంక చాలు."

ఆ ముసలాయన్ని అంతమాట అనాల్సింది కాదు. ఆయన తలొంచుకుని వెళ్ళిపోయారు. కానీ ఆరోజునుంచి మా ఆవిడ ముఖం చూసి నేను కూడా వెటకారాలు తగ్గించాను. చేపని చంపానన్న ఏడుపు ఒక్కపూటే. తరవాత కొంగు నడుముకి చుట్టి, ఆ తొట్టెతో తేల్చుకునేదాకా లేవనన్నట్టు పీట వేసుకుని కూర్చుంది.

పొద్దున పనయ్యాక కాసేపు దాన్నే చూసేది. మా పెరట్లో నీళ్ళకి రెండు సిమెంటు గోలేలు ఉండేవి. ఒకటి ఎండలో, ఇంకోటి స్నానాలగది నీడలో. ఎండలోదానికి వారానికోసారి పాచి గీకుతాం. నీడలోదాన్ని ఎప్పుడు గీకామో గుర్తు కూడా లేదు. ఒకరోజు ఆ రెంటి మధ్యా నిలబడి పెద్దగా నన్ను కేకేసింది.

"ఏవండీ! మా నాన్న చేలో పాచి ఎక్కడ కట్టేదో తెలుసా?"

"మీ నాన్న చేను నాకివ్వలేదు కదా, ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"యూరియా ఎక్కువ పడ్డ మడిలో. అదీ నాటు పల్చగా ఉన్నచోటే. దుబ్బు కట్టి కమ్ముకున్నచోట ఎప్పుడూ కట్టేది కాదు. ఎరువంతా వరి తినేస్తే ఇంక పాచికేం మిగులుతుంది? ఈ తొట్టెలో యూరియా చల్లిందెవరో తెలుసా? నేనే! తిన్నది తిని, మిగిలింది కుళ్ళి, అంతా ఎరువే. పైన ఎండొకటి. పాచి కట్టక ఏం చేస్తుందండీ, వరి పండుతుందా?"

నాకు ముచ్చటేసింది. మామూలుగా ఐతే ఇంకో చురక అంటించేవాణ్ణే.

ఆరోజే తొట్టె మళ్ళీ చీకటిమూలకెళ్ళింది. పక్కింటివాళ్ళు ఈసారి మొహాలు ముడుచుకుని మరీ మోశారు. వెలుగు సోకకుండా మా ఆవిడ దాని వెనకవైపు గోనెపట్టా వేలాడగట్టింది. కొబ్బరిపీచుతో అద్దం రుద్దింది, సబ్బు సోకనివ్వలేదు. రబ్బరు గొట్టం ఒక చివర ఇసక మీద పెట్టి, రెండో చివర నోటితో పీల్చి వదిలి, అడుగున పేరుకున్న మురికిని బకెట్లోకి లాగేది. ఆ నీళ్ళు ఎన్నిసార్లు నోట్లోకి పోయాయో లెక్కలేదు. ఉమ్మి, పుక్కిలించి, మళ్ళీ పీల్చేది. తోడినన్ని నీళ్ళే తిరిగి పోసేది. అవి కూడా కుళాయినుంచి సూటిగా కాదు. బ్లీచింగు వాసన పోయేదాకా గోలెంలో నిలవుంచి, అప్పుడు. రోజుకి కొంచెం, రోజూ కొంచెం. "ఒక్కసారి మార్చేస్తే పీడా పోతుంది కదా" అని నేనంటే, "ఒక్కసారి చేసిన వైద్యం చూశారుగా" అనేది.

ఇక మొక్కలు. అది నా వంతు. గాజువాక బస్సెక్కి, దారిలో ఒక చెరువుగట్టు దగ్గర దిగి, ప్యాంటు పైకి మడిచి మోకాల్లోతు నీళ్ళలోంచి పొడుగాటి నీటిమొక్కలు పీక్కుని, తడి గోనెసంచిలో వేసుకుని తిరుగు బస్సెక్కాను. సంచిలోంచి కారిన బురదనీళ్ళు ఒక పెద్దాయన పంచె తడిపాయి.

"ఏటయ్యా అది, కంపు?" అన్నాడు కండక్టరు.

"మొక్కలండి. చేపలకి."

"సేపలకి మొక్కలేటి? దిగు, దిగు" అని రిఫైనరీ గేటు దగ్గర దింపేశాడు. ఆ సంచి భుజాన వేసుకుని, ఎండలో, పాత ఊరిదాకా నడిచాను. పోర్టులో పెద్ద పెద్ద బరువులెత్తే మనిషిని. అంత నామోషీ ఎప్పుడూ పడలేదు. ఇంటికొచ్చి సంచి ధబాల్న పడేసి, "ఇంక నేను ఛస్తే వెళ్ళను" అన్నాను. ఆ వారంలోనే మళ్ళీ వెళ్ళాను.

ఆ మొక్కల్ని మా ఆవిడ ఉప్పునీళ్ళలో ముంచి, జలగలూ పురుగులూ ఏరి, నారు పోసినట్టు ఒత్తుగా ఇసకలో నాటింది. అన్నిటికంటే కష్టమైంది మేత. పొద్దున చిటికెడు, అంతే. బతికిన గప్పీలు మామూలుగానే అద్దం దగ్గరికొచ్చి నోళ్ళు తెరిచేవి. ఆకలన్నవాడి ముందునుంచి ఖాళీచేతుల్తో పోవడం ఆవిడకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. చీరకొంగు అడ్డం పెట్టుకుని, ముఖం పక్కకి తిప్పుకుని ఆ గది దాటేది.

లోపలి గదిలోంచి రసూల్ బీ గారు రోజూ అడిగేది.

"అమ్మాయ్, నా తొట్టె ఎలాగుంది?"

"పని చేస్తున్నాను పిన్నిగారూ."

"బేగం మేత తింతందా?"

ఆ ప్రశ్నకి మాత్రం మా ఆవిడ ఏదో గిన్నె చప్పుడు చేసి వంటింట్లోకి వెళ్ళిపోయేది. అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. కన్ను మానేదాకా ఏడవకూడదని డాక్టరు చెప్పాడు మరి.

పాచి అంత తేలిగ్గా దిగిరాలేదు. మొదట్లో అసలు కదల్లేదు. రెండోవిడత మొక్కలు నాటాక కొన్ని కుళ్ళిపోయి కంపు కొట్టాయి. కుళ్ళిన ఆకులన్నీ ఒక్కొక్కటే గిల్లి పారేసింది. మిగిలినవి వేళ్ళు తన్నుకున్నాయి. కొత్త చిగుళ్ళు లేతగా పైకి లేచాయి. అప్పట్నుంచి నీళ్ళు మెల్లగా విచ్చుకోవడం మొదలైంది. గోంగూర రంగు పోయి పెసరకట్టు రంగు, అది కూడా పల్చబడి, తొట్టె మధ్యలో ఉన్న చేప కనపడింది. తరవాత వెనకవైపు అద్దం దగ్గరున్న చేప కూడా కనపడింది. కానీ తేట కాదు. లేతపచ్చ మసక ఒకటి ఇంకా పట్టుకునే ఉంది. "ఇంకొక్క పదిహేన్రోజులు చాలండీ. మొక్కలు పట్టు మీదున్నాయి" అంది మా ఆవిడ. జోడు రావడానిక్కూడా అంతే టైముందని మా ధైర్యం.

ఆ ధైర్యంలో ఉండగానే ఒకరోజు చూపించుకోడానికని ఆస్పత్రికి వెళ్ళిన ఇద్దరూ రిక్షా దిగారు. రసూల్ బీ గారి చేతిలో కళ్ళజోడు పెట్టె ఉంది. పుండు త్వరగా మానిందని డాక్టరు ఆ పూటే నంబరు రాశాడట. అద్దాల దుకాణంలో సరిపడే జోడు తయారుగా దొరికిందట. రజాక్ గారు ఆవిడ వెనకనుంచి మాకు చేతులు తిప్పి ఏదో సైగ చేస్తున్నారు, పాపం, ఏం చెయ్యమన్నదీ ఆయనకే తెలియక.

"ఆస్పత్రిలో అద్దాలు మార్సి మార్సి పెడితే కల్లు తిరిగిపోనాయి. డాక్టరు బాగుందన్నాడు. ఆ మాటలు నాకొద్దు" అని, ఆవిడ గుమ్మం దాటి, తడుముకుంటూ తొట్టె ఎదురుగా కుర్చీలో కూర్చుంది. "అమ్మాయ్, ఇదే కదా తొట్టె?"

"అదేనండి" అంది మా ఆవిడ. 

రసూల్ బీ గారు బిస్మిల్లా అనుకుని, సీసా అడుగులంత మందంగా ఉన్న ఆ జోడు తీసి పెట్టుకుంది. అటూ ఇటూ చూడలేదు. ఎదురుగా తొట్టెవైపు ఒక్క చూపు. వెంటనే జోడు తీసేసింది. మడిచి, పెట్టెలో పెట్టి, మూత నొక్కింది.

"పోనాదిలే" అంది.

"కాదు రసూలూ..." అన్నారు రజాక్ గారు. ఆ తరవాతి మాట ఆయన నోట్లోనే ఆగిపోయింది. ఆవిడ ఆయనవైపు తిరిగి నవ్వింది. "సెప్పు. నీళ్ళే మురికని సెప్పు. ఇన్నదేగా" అంది.

 ఆయన ముఖం చూడలేక వీధివైపు చూశాను. అప్పుడు మా ఆవిడ వెళ్ళి ఆవిడ ముందు నేలమీద కూర్చుంది.

"పిన్నిగారూ, బేగం చచ్చిపోయింది. నేనే చంపేశాను."

 రజాక్ గారు "తల్లీ!" అన్నారు. మా ఆవిడ ఆగలేదు.

"నీళ్ళు పచ్చబడితే పటిక తిప్పాను. తెలియక బోలెడు తిప్పాను. మధ్యాహ్నానికి చచ్చిపోయింది. జామచెట్టు కింద పెట్టాం. మీరు అడిగినప్పుడల్లా గిన్నెలు చప్పుడు చేసి తప్పించుకున్నాను."

"ఏటి?" అంది రసూల్ బీ గారు. "ఏటన్నావు? నా బేగంని సంపీసినావా?"

"ఆయ్."

"అబద్ధం! అది మొక్కల్లో దూరుంటాది. దానికలవాటు."  పెట్టె తెరిచి జోడు మళ్ళీ పెట్టుకుంది. ఈసారి ముందుకి వంగి, తల ఇటూ అటూ తిప్పుతూ, తొట్టెని మూలమూలా వెతికింది. "ఇది నీలం తోకది... ఇది ఎర్రతోకది... ఇయ్యేటి, పిల్లలేటి? ఎప్పుడు పెట్టినాది? వెనకాల అద్దం కాడ ఇంకోటుంది... బేగం నేదు. ఎక్కడా నేదు!"

 ఆ మాట తన చెవికి తనకే వినపడ్డట్టు ఆవిడ ఆగిపోయింది. ఎర్రతోక గప్పీ ఒకటి అద్దం పక్కన చక్కర్లు కొడుతోంది. ఆవిడ వేలెత్తి, గాలిలోనే, అది ఎటు తిరిగితే అటు వేలు తిప్పింది. చాలాసేపు అలా తిప్పింది. తరవాత గోడవైపు చూసింది. గోడమీద కట్టిన పటాలవైపు చూసింది. రజాక్ గారివైపు తిరిగింది.

"గెడ్డం తెల్లబడిపోనాదేటి నీకు?" అంది.

ఆయన తలూపారు.

"నీళ్ళు మురిగ్గా ఉన్నాయా?"

ఆయన నోరు తెరిచారు. భయపడి మళ్ళీ మూశారు.

"అడుగుతన్నాను. సెప్పు."

"మురిగ్గానే ఉన్నాయి రసూలూ. ఈసారి నిజంగానే మురికి."

ఆవిడ ఊపిరి గట్టిగా పీల్చుకుని మా ఆవిడవైపు తిరిగింది. ఇక మొదలెట్టింది. ఇంత మురుగులో సేపల్నెట్టి ఎలా నిద్దరపోనావే అంది. పటికేటి, నీ బుర్రేటి అంది. ఇన్ని మొక్కలు కుక్కీసినావు, తోటకూర మడనుకున్నావేటి అంది. ఆ గోనెపట్టా ఏటి, నా ముందుగదిలో, గొడ్ల సావిడిలాగా అంది. పాచి అద్దం మీద ఏ మూల ఎంత మిగిలిందో వేలు పెట్టి చూపించి మరీ తిట్టింది. నడుమ బేగంని తలుచుకుని ఏడ్చి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తిట్టింది. రజాక్ గారు గోడకి చేరబడి, ఆ తిట్లన్నీ వింటూ, గడ్డం తడిసేలా ఏడుస్తూ నవ్వుతున్నారు.

మా ఆవిడ ఒకరిచేత మాట పడే మనిషి కాదని మా ఊరంతా ఎరుగును. అలాంటిది ఆ రోజు ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు. నేలమీద అలాగే కూర్చుని, తలెత్తి, ఆవిడ ముఖం కేసే చూస్తూ, "ఇంకా పిన్నిగారూ, ఇంకా ఏం కనపడుతోందండీ?" అని అడిగింది.